చేపట్టిన పనిని ముగించు విధము

క్రొత్త పథకము నొకదానిని మన గ్రామములయందు ఆరంభించుట యెట్లో అందరికిని తెలియును. మామిడి తోరణములు కట్టుదుము, టెంకాయ కొట్టుదుము, పెద్దలను పిలుతుము, అందరమును వరుసగా నిలువబడి ఫొటో తీయించుకొందుము. దానిని ముగించుట యెట్లో తెలిసినవారు మాత్రము అరుదు. మూడేండ్లకో అయిదేండ్లకో సొమ్ము అయిపోవును. చూచుచుండిన ఉద్యోగి వేరొక చోటికి బదిలీయగును. గోడమీది బోర్డు ఎండకు వెలిసిపోవును. ఆ పని పూర్తియైనదా, నడుమ నిలిచినదా అని అడిగినచో చెప్పువాడుండడు. నిలిచిపోవుట వేరు, ముగియుట వేరు. ఈ భేదమును గూర్చియే ఈ మాసమున కొంత వ్రాయదలచితిమి.

నిజమునకిది మన రైతులకు తెలియని విద్య కాదు. చెరువు క్రింద వరి కోసి నూర్చిన దినములను పెద్దలు జ్ఞప్తికి దెచ్చుకొందురు గాక. తూర్పారబట్టి రాశి పోసినంతమాత్రమున ధాన్యము ఇల్లు చేరెడిది కాదు. కమ్మరి, వడ్రంగి, చాకలి, మంగలి, నీరుగంటి మొదలగువారికి మేర కొలిచి యిచ్చిన పిమ్మటనే బండి కదలెడిది. విత్తనమునకై మేలిగింజను వేరుగా తీసియుంచెడివారు. గింజరూపమున తీర్పవలసిన బదులున్న కళ్ళమునందే తీర్చెడివారు. తుదకు కళ్ళమడుగున మట్టితో కలిసిన గింజలను సైతము ఊడ్చి, చెరిగి, ఎవరికి చెందవలెనో వారికి చెందించెడివారు. మేర పద్ధతియందు అన్యాయములు లేకపోలేదు. దానిని పొగడుట మా యుద్దేశము కాదు. లెక్క తీరక కళ్ళము విడువరాదను నియమమును మాత్రమే ఇచ్చట తలచుచున్నాము.

ఇప్పుడీ ప్రసంగమేల యందురా? మన సంఘము మూడేండ్ల క్రిందట చేపట్టిన వేరుసెనగ విత్తనోత్పత్తి పథకమునకు రాబోవు మార్చి 31వ తేదీతో గడువు తీరుచున్నది. పై నుండి వచ్చు సహాయద్రవ్యము ఆ దినముతో నిలిచిపోవును. ఈ సంగతి వినినది మొదలు సభ్యులు కొందరు మమ్ము కలిసికొని “ఇక మా విత్తనము గతి యేమి?” అనియు, మరికొందరు “మిగిలిన సొమ్ము పంచుదురా?” అనియు అడుగుచున్నారు. రెండును అడుగదగిన ప్రశ్నలే. వానికి సమాధానము చెప్పుటకు ముందు, ముగింపు అనునది ఎంతటి పనియో తెలుపు వృత్తాంతము నొకదానిని విన్నవించెదము. అది మన పశువులకు సంబంధించినది.

రిండరుపెస్టు అను పేరు నేటి యువకులలో పెక్కురు వినియుండరు. పెద్దలు పశువుల పెద్దరోగమని చెప్పుకొనునది అదియే. తీవ్రమైన జ్వరము వచ్చి, నోట పుండ్లు లేచి, కన్నులనుండియు ముక్కునుండియు రసి కారి, నెత్తుటి విరేచనములై, ఆవులును ఎద్దులును గేదెలును కొలది దినములలోనే కూలెడివి. అది చొచ్చిన ఊర దొడ్లకు దొడ్లే పాడువడెడివి. 1890 ప్రాంతమున అది ఆఫ్రికా ఖండమున వ్యాపింప నారంభించి, పదియేండ్ల లోపల దక్షిణపు కొనను చేరి, అక్కడి పశుసంపదలో అత్యధిక భాగమును హరించినది. పశువులు పోయిన వెనుక మనుష్యులు కరవుపాలైరి. 1920లో మన దేశమునుండి బ్రెజిలునకు ఓడలో పోవుచుండిన పశువులను బెల్జియములోని ఆంట్వెర్పు రేవున దింపగా, వానితో రోగము ఆ దేశమున బయటపడినది. ఐరోపా దేశములన్నియు ఉలికిపడినవి. ఆ భయముచేతనే 1924లో పారిసు నగరమున అంతర్జాతీయ పశురోగ కార్యాలయము వెలసినది.

పట్టిన పిమ్మట మానుపగల మందు లేదు. ముందుగా వేయు టీకాయే శరణ్యము. హిమాలయ ప్రాంతమున ముక్తేశ్వర పరిశోధనాలయమునందు 1920 దశకమున జె. టి. ఎడ్వర్డ్సు అను శాస్త్రజ్ఞుడు రోగవిషమును మేకల శరీరములందు పలుమార్లు పెంచి, బలము తగ్గించి, టీకాగా సిద్ధపరచెను. తరువాత కెన్యాలో వాల్టరు ప్లౌరైటు అను పశువైద్యుడు ప్రయోగశాలలో కణములయందు పెంచిన మరింత నిరపాయమైన టీకాను సమకూర్చెను. ఇది ఒకమారు సరిగా పడినచో పశువు జీవితకాలమంతయు రక్షణ. మన దేశమున 1954లో నిర్మూలన కార్యక్రమము దేశవ్యాప్తముగా ఆరంభమైనది. మేము పసివారమై యుండగా టీకాలవారు వచ్చుచున్నారని దండోరా వేసిన దినమున చావడియొద్ద ఎద్దులను బారులు తీర్చి నిలుపుట మాకు నేటికిని కన్నులకు గట్టినట్లున్నది. ఆనాడు బడి ఎగగొట్టినందులకు మాకు పడిన బెత్తపు దెబ్బలును జ్ఞాపకమే.

ఇక ముగింపు చెడిన ఉదంతము వినుడు. ఆఫ్రికాయందు 1962లో ఉమ్మడి పథకము 15 అను పేర గొప్ప ప్రయత్న మొకటి జరిగెను. 22 దేశములవారు కలిసి కోట్ల పశువులకు టీకాలు వేయించిరి. 1976లో పథకము ముగియునాటికి రోగము దాదాపుగా కనబడుట మానినది. జయించితిమని అందరును తలచిరి. సొమ్ము వేరు పనులకు మరలినది, టీకాలు సడలినవి, రోగ మెచ్చటనైన మిగిలినదా యని వెదకువారు కరవైరి. పడమట మాలి, మారిటానియా సరిహద్దునను, తూర్పున సూడాను, ఇథియోపియా ప్రాంతములందును అది నివురుగప్పిన నిప్పువలె నుండెను. 1980 తరువాత అచ్చటినుండి మరల చెలరేగి ఖండమున పెక్కు దేశములను చుట్టుముట్టినది. నైజీరియా రైతులు పడిన నష్టము ఇంతంత కాదు. పదునాలుగేండ్ల శ్రమయు, అంత ధనమును వెచ్చించిన పిదప మరల మొదటికి రావలసివచ్చెను. పథకమునకు గడువు తీరినది, పనికి తీరలేదు. ఈ రెంటిని ఒకటిగా భావించుటయే అక్కడ జరిగిన పొరపాటని మా యభిప్రాయము.

మన దేశమునందును టీకాలవలన రోగము తగ్గెనే కాని వెంటనే పోలేదు. ముఖ్యముగా మన దక్షిణాది రాష్ట్రములలో అది మొండిగా నిలిచియుండెను. 1992లో ఐరోపా సమాజమువారి సాయముతో జాతీయ రిండరుపెస్టు నిర్మూలన పథకము క్రొత్తపద్ధతిని మొదలాయెను. 1995లో తమిళనాట కనబడినదే ఈ దేశమున కడపటి రోగము. మామూలుగా నైనచో ఆ మరుసటి యేట సభ చేసి, దండలు వేసికొని, పథకము ముగిసినదని ప్రకటించియుందురు. అట్లు చేయలేదు. అసలు ముగింపు పని అప్పుడే మొదలైనది. అది పదునొకండేండ్లు పట్టినది.

ఆ పని యెట్టిదో కొంచెము వివరింతుము. ఏలనన రైతులకు వినుటకు వింతగా నుండును. రోగము లేదని రుజువు చేయవలెనన్న మొదట టీకా వేయుటయే మానవలసి వచ్చినది! టీకా పడిన పశువు నెత్తుటిలోను, రోగము వచ్చి కోలుకొనిన పశువు నెత్తుటిలోను రోగమును ఎదిర్చు ద్రవ్యము లొక్కటిగనే యుండును. పరీక్షకు రెంటికిని భేదము తెలియదు. కావున టీకాలు సాగినంతకాలము రోగము చాటున నున్నదో లేదో తెలిసికొనుటకు వీలులేదు. టీకా ఆపి, ఆ పిమ్మట పుట్టిన దూడల నెత్తురు తీసి పరీక్షించి, అందు ఆ ద్రవ్యము లేకున్న అప్పుడు రోగము నిజముగా పోయినదనవచ్చును. నలుబదేండ్లు తమ్ము కాచిన టీకాను ఆపుటకు ఎంత గుండెదిటవు కావలయునో యోచింపుడు. ఒకవేళ రోగ మెచ్చటనో దాగియుండిన, రక్షణ లేని దూడలన్నియు దానికి ఆహుతియగును. అందుచే ఆపుటతోపాటు కాపలాను ఇబ్బడిముబ్బడిగా పెంచిరి. ఊరూర తిరిగి రైతుల నడిగిరి. సంతలకు పశువులను తోలుకొనిపోవు త్రోవలను గమనించిరి. పశువైద్యశాలల దినచర్య పుస్తకములను తిరుగవేసి, నోటిపుండ్లు, విరేచనములు అని వ్రాసియున్న ప్రతి పశువు సంగతియు విచారించిరి. ఇది పేరు రాని పని. ఛాయాపటములకు ఎక్కని పని. చేసినవారెవరో మనకు తెలియదు.

అంతట 1998లో తాత్కాలికముగను, 2004లో రోగము లేదనియు, 2006 మే నెలలో రోగబీజము సయితము లేదనియు అంతర్జాతీయ కార్యాలయమువారు మన దేశమును గూర్చి మెట్టుమెట్టుగా అంగీకరించిరి. లోకమున కడపటి రోగము 2001లో కెన్యాలోని మేరు వనమున అడవి దున్నలలో కనబడినది. పదేండ్లు కాచిచూచి 2011లో భూమిమీద ఈ రోగము నశించినదని ప్రకటించిరి. మనుష్యులకు వచ్చు మశూచికము తరువాత ఈ విధముగా సమూలముగా తొలగింపబడిన రోగ మిదియొక్కటే.

ప్రకటించిన వెనుకను పని మిగిలియుండెను. నలుబదికి పైగా ప్రయోగశాలల సీసాలలో ఆ రోగబీజ మింకను బ్రదికియుండెను. అడవిలో చచ్చిన పులిని ఇంటిలో పెంచిన ట్లయినది. ఎవరియొద్ద ఎంత యున్నదో లెక్క వ్రాయించి, అక్కరలేనివానిని నాశము చేయించి, కొన్ని భద్రమైన తావులలో మాత్రమే ఉంచునట్లు ఏర్పరచిరి. ఇంగ్లండులోని పిర్‌బ్రైటు సంస్థవారు తమ సీసాలలోని బీజముల లక్షణములను పూర్తిగా వ్రాసికొని 2019లో వానిని నాశము చేసిరి. ఆపద వచ్చిన వాడుటకు కొంత టీకామందు నిలువయుంచిరి. నేర్చిన పనివాండ్రను, పద్ధతులను వృథాపోనీయక, గొఱ్ఱెలకు మేకలకు వచ్చు పారుడు రోగముపై మరల్చిరి. దానిని 2030 నాటికి నిర్మూలింపవలెనని 2015లో సంకల్పించిరి.

ఇంత దూరము పోయి చెప్పుటకు కారణమున్నది. మిగులు వస్తువు విషయమున మేమే యొకప్పుడు తప్పు చేసియున్నాము. ఉద్యోగమున చేరిన క్రొత్తలో వేరొక తాలూకాయందు ఒక విత్తన పథకము మా పర్యవేక్షణమున నుండెను. గడువు తీరినది. మాకు బదిలీ ఉత్తరువు వచ్చినది. గోదాము మూలను మందు పట్టించిన వేరుసెనగపప్పు రెండు బస్తాలు మిగిలినవి. స్టాకు పుస్తకమున ‘శేషము’ అని వ్రాసి, తాళపుచెవి గుమాస్తా చేతికిచ్చి బండి యెక్కితిమి. తాళపుచెవి చేతులు మారెను. గోదాము సున్నపు బస్తాలకు, సంత సామానులకు ఉపయోగపడెను. ఎనిమిది నెలలకు ఒక కూలివాని ఇంట ఆ పప్పు వేయించుకొని తినిరి. రంగు కడిగిన పోవుననుకొనిరట. ఇద్దరు బిడ్డలు వాంతులై ఆసుపత్రి చేరిరి. బ్రదికిరి. మాకు ఉత్తరము వచ్చినప్పుడు మేమెంతో దూరమున క్రొత్త పథకమునకు టెంకాయ కొట్టుచుంటిమి. మమ్మెవరును దండింపలేదు, కాగితములన్నియు సక్రమముగనే యుండెను. కాగితము సక్రమముగ నుండుటకును పని సక్రమముగ ముగియుటకును ఎంత దూరమో ఆనాడు తెలిసినది.

మేము చదివిన మిషను బడిలో వడ్రంగము నేర్పు మాస్టరుగారొకరుండిరి. పీట ఎంత నున్నగా వచ్చినను, ఉలియు బాడిసయు తుడిచి నూనె రాసి గోడకు తగిలించి, రంపపుపొట్టు ఊడ్చువరకు మార్కు వేసెడివారు కారు. ఆ దినములలో అది మాకు చాదస్తముగా తోచెడిది.

కావున మన పథకమున మొదట చూడవలసినది గోదాము. సంచులు లెక్కపెట్టిన చాలదు, తూచవలయును. ఏ రైతు పొలమునుండి వచ్చినది, ఏ తరగతిది అను చీటీ సంచికి ఉన్నదీ లేనిదీ చూడవలయును. ఫౌండేషను విత్తనమునకు తెల్లచీటీ, సర్టిఫైడు విత్తనమునకు నీలిచీటీ అని మీకు తెలిసినదే. వాడక మిగిలిన చీటీలు విడి నోట్లవంటివి. ఒక్క చీటీ దొంగ సంచికి తగిలిన మూడేండ్లుగా మన సంఘము సంపాదించిన పేరు మూడు దినములలో పోవును. వానిని ఒక్కొక్కటిగా లెక్కించి, ఇచ్చినవారికే తిరిగి యప్పగించి రసీదు పొందవలెను. కాయరూపమున నున్న విత్తనమును పప్పుగా వలువక అట్లే యుంచుడు. కాయలోని గింజకు మొలకశక్తి ఎక్కువకాలము నిలుచును. మొలక నూటికి 70కి తగ్గరాదు, తేమ నూటికి 9కి మించరాదు. పరీక్షలో నెగ్గినదానిని రాబోవు ఋతువునకు విత్తనముగా అమ్ముదము. నెగ్గనిదానిని, మందు తగలనిదైనచో, నూనె మిల్లునకు పంపుదము. మందు పట్టించిన గింజ విత్తుటకు తప్ప దేనికిని పనికిరాదు. నూనెకు గాని, దాణాకు గాని పోరాదు. అట్టిది ఒక్క డబ్బాయైనను మార్చి 31 తరువాత ఆ గదిలో ఉండకుండ చూచుట మా పూచీ.

తరువాత బాకీలు. విత్తనము పెంచిన రైతులు కట్టిన ధరావతులు సంఘమునొద్ద నున్నవి. అవి సంఘపు సొమ్ము కాదు. పథకము పేర బ్యాంకిలో మిగిలిన నిలువను జూచి పంచుదమను సభ్యులు ముందుగా ఈ ధరావతులను, కాయ వలిచిన కూలీలకు రావలసిన కూలిని, సంచుల వర్తకుని బిల్లును తీసివేసి చూడుడు. గోదాము కాపలా కాచిన కుర్రవానికి ఆఖరు నెల జీతముతోపాటు, చేసిన పని తెలుపు యోగ్యతాపత్రము నొకదానిని కూడ ఈయవలెనని మా మనవి. సహాయద్రవ్యములో ఖర్చుకానిది, ఒడంబడిక ననుసరించి, ఇచ్చినవారికి తిరిగి పోవలెను. ఆ పైని మిగిలిన సంఘపు సొంత లాభము మాట బైలాలు చెప్పును. ఆడిటరుగారు చూడక ముందు దానిపై చేయి వేయరాదు.

కాయ వలుచు యంత్రము విషయమున సభ్యులలో పట్టుదలలు పెరుగుచున్నట్లు వినుచున్నాము. ఒకరు తమ కళ్ళమున నుంచెదమందురు, ఒకరు అమ్మవలెనందురు. మా యభిప్రాయము దాపరికము లేక చెప్పెదము. యంత్రమును చూచుకొను మనుష్యుడు, దాని మరమ్మతునకు చాలు బాడుగ, రెండును కుదిరిననే ఉంచుడు. కుదరనిచో బహిరంగముగా వేలము వేసి సొమ్ము జమకట్టుట మేలు. అందరిదియు నని నిలిపి, ఎవరును నూనె పోయక, వానకు త్రుప్పు పట్టిన యంత్రములను మేము చాల చూచియున్నాము.

ఇక మిక్కిలి కష్టమైనది నిజము వ్రాయుట. రెండవ యేట మన విత్తనము కొన్న పొరుగూరి రైతులలో కొందరికి మొలక పలుచగా వచ్చినది. ఆరబెట్టుటలో తొందరపడితిమి, తేమ తగ్గకమునుపే సంచులు కుట్టించితిమి. ఇందులో మా భాగమును కలదు. ఆ సంగతిని ముగింపు నివేదికలో వ్రాయవద్దని కొందరు పెద్దలు మాతో ననిరి. రేపు మరియొక పథకము రాకపోవునని వారి భయము. వ్రాయకున్న రేపు వచ్చు కార్యదర్శి అదే నెలలో అదే తొందరతో మరల సంచులు కుట్టించును. వ్రాయుటకే నిశ్చయించితిమి. నష్టపడిన రైతుల పట్టీ కూడ దానితో చేర్చి, వారికి ఈ యేటి విత్తనమును తగ్గింపు ధరకు ఈయవలెనని తీర్మానము సభముందుంచెదము. అంగీకరించుటయు, త్రోసివేయుటయు మీ చేతిలోనిది.

మొదటి ప్రశ్నకు, అనగా ఇక మీద విత్తనము గతి యేమను దానికి, సమాధానము ఆ సభలోనే తేలవలెను. సహాయద్రవ్యము లేక సొంత కాళ్ళపై విత్తనము పెంచుటకు ఎందరు ముందుకు వత్తురో మాకు తెలియదు. పదిమంది వచ్చినను చాలును. ప్రతి సంవత్సరము ఫౌండేషను విత్తనము తెప్పించు భారమును, పొలము తనిఖీ చేయు భారమును మేము మోయుదుము. ఒక్కరును రానిచో, పథకము ముగిసినదని మినిట్సులో వ్రాసి, బోర్డు దింపి, గోదామును సంఘపు ఎరువులకు వాడుకొందము. అదియు ముగింపే, వెలిసిన బోర్డుకంటె గౌరవమైన ముగింపు.

మార్చి నెల రెండవ ఆదివారమున ఉదయము 9 గంటలకు గోదాము ముంగిట మహాజనసభ జరుగును. సభకు ముందు, 7 గంటలకు, అందరి యెదుట సంచులు తూచుట ఆరంభమగును; కాటా మన బడి ఆవరణమునుండి తెప్పించుచున్నాము. ధరావతు కట్టినవారు తమ రసీదులను వెంట దెచ్చుకొనవలెను. రసీదు పోగొట్టుకొనినవారు ఆ శుక్రవారములోపల కార్యదర్శిగారికి తెలిపిన, పుస్తకము చూచి నకలు సిద్ధపరచి యుంచెదరు.